సీసాలో మొండిపూసలు

ముందుగా వాన చప్పుడు వినిపిస్తుంది. ఆకాశంలో మబ్బు తునకైనా ఉండదు, వీధిలో ఎండ చుర్రుమంటూ ఉంటుంది, అయినా ఎక్కడో రేకుల మీద సన్నటి జల్లు ఆగకుండా, అలుపు లేకుండా కురుస్తున్నట్టే ఉంటుంది. వీధికి కొత్తగా వచ్చినవాళ్లు తలెత్తి చూస్తారు. పాతవాళ్లు నవ్వుకుంటారు. "వాన కాదండీ, పైన బొంగరమక్క గిన్నె తిప్పుతోంది" అంటారు.

పద్నాలుగు ఇనప మెట్లు ఎక్కాలి. తొమ్మిదో మెట్టు ఊగుతుంది. పైన పొడుగాటి గది, మూడు కిటికీలు. రెండు కిటికీల వెలుతురును ఎనిమిది మంది ఆడవాళ్లు పంచుకుంటారు. అన్నిటికన్నా పెద్ద కిటికీ కింద మేస్త్రి బల్ల ఉంటుంది. దాని మీద టీ గ్లాసు, పాత క్యాలెండరు తప్ప వెలుతురు అవసరమైన వస్తువేదీ ఉండదు.

రెండో కిటికీ పక్కన ఆమె కూర్చుంటుంది. యాభై రెండేళ్ల మనిషి. సన్నగా, నిటారుగా, కూర్చున్నా నిలబడ్డట్టే కనిపిస్తుంది. ఇరవై తొమ్మిదేళ్లుగా అదే చెక్క గిన్నె. దాని నడుమ ఇరుసు ఉంటుంది. ఎడమచేత్తో తిప్పితే గిన్నె గిర్రున తిరుగుతుంది, లోపలున్న గాజుపూసలు వానై కురుస్తాయి. కుడిచేతిలోని వంకర సూదిని ఆ వానలో ముంచి ఊరికే పట్టుకోవాలి. పూసలు వాటంతట అవే సూది మొనకెక్కి, చీమలబారులా దారం మీదికి పాకుతాయి. ఆ దండలు ఎక్కడో సంచులకూ చెప్పులకూ కుట్టుకుంటారు. బొంగరం అన్న పేరు గిన్నెను చూసి పెట్టారో, కోపాన్ని చూసి పెట్టారో ఎవరికీ గుర్తులేదు. అసలు పేరు ఎప్పుడైనా ఏ కాగితం మీదో కనిపిస్తే, ఇదెవరబ్బా అని ఆమే ఒక్క క్షణం ఆగుతుంది.

పూసల్లో కొన్నింటికి బెజ్జం సగం దాకే ఉంటుంది. అచ్చులోనే అలా పుడతాయి. పైకి అన్ని పూసల్లాంటివే, అదే రంగు, అదే నునుపు. సూది మొన బెజ్జంలోకి దూరుతుంది, అక్కడితో సరి. అవతలికి దారి ఉండదు. ఇక దాని వెనక ఒక్క పూస ఎక్కదు. గిన్నె తిరుగుతూనే ఉంటుంది, వాన కురుస్తూనే ఉంటుంది, దండ మాత్రం పెరగదు. గదిలో వాటిని మొండిపూసలంటారు. మిగతావాళ్లు తిట్టుకుంటూ పీకి కిటికీలోంచి విసిరేస్తారు. బొంగరమక్క తన పక్కనున్న గాజు సీసాలో వేస్తుంది. సీసా ఇప్పటికి మెడదాకా నిండింది.

"పనికిరానివి దాచుకుంటావేంటక్కా?" అని ఎవరైనా అడిగితే, "అంత పెద్ద గిన్నెని ఒక్కతే ఆపింది. దాన్ని వీధిలో పారేయడానికి నాకు మనసు రాదు" అంటుంది.

ఆ ఏడాది ఎండలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, ఒక సోమవారం పొద్దున ఆమె నుదుటికి ఎడమవైపు మంట మొదలైంది. కనుబొమ్మ నుంచి పాపిటి దాకా ఎవరో సూదులు కాల్చి ఆనిస్తున్నట్టు. దువ్వెన తగిలితే ప్రాణం పోయినంత పనైంది. అద్దంలో చూస్తే ఏమీ లేదు. మంగళవారం నాటికి ఎర్రటి మచ్చలు, వాటి మీద నీటి పొక్కులు. చిత్రంగా అవన్నీ నడినుదుటి దగ్గర గీత గీసినట్టు ఆగిపోయాయి. కుడివైపు ఒక్కటీ లేదు.

పొక్కులతోనే పనికెళ్లింది. గది గదంతా చేతులాపి చూసింది.

"అక్కా, అది తల చుట్టూ పాకుతుందంట" అని ఒకావిడ గొంతు తగ్గించి అంది. "రెండు కొసలూ కలిశాయంటే మనిషి దక్కదంట."

"కొసలు కలిపేది నేనే కదే. నేను ముడి వేయందే ఏ కొసా కలవదు" అంటూ బొంగరమక్క గిన్నె తిప్పింది.

మేస్త్రి బల్ల దగ్గర్నుంచి లేచి వచ్చాడు. ఆమెకన్నా పదేళ్లు చిన్నవాడు. "అక్కా, లేచి ఇంటికెళ్లు. అంటురోగంలా ఉంది. పక్కన కడుపుతో ఉన్న పిల్ల కూర్చుంది, కనబడట్లా?"

"కనబడుతోంది. కళ్లున్నాయి."

"ఎన్నాళ్లుంటాయో! మొహం చూసుకున్నావా, కంటి మీదికే దిగుతోంది. సరేలే, నీ గిన్నె ఇంకొకరికి ఇస్తా. నెమ్మదిగా రా, లేదా మానెయ్."

ఆ మాటకి వాన ఆగింది. ఆమె గిన్నెలో పూసలను డబ్బాలోకి వంచేసింది. ఇరుసుతో సహా గిన్నెను చంకనెత్తుకుంది. రెండో చేత్తో సీసా అందుకుంది.

"గిన్నె మా అత్త నాకిచ్చి పోయింది మేస్త్రీ. ఇంకొకరికి ఇవ్వాలంటే నువ్వు ఆవిడ్నే అడగాలి. పైకి వెళ్లి అడిగి రా, నేను ఆగుతా."

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. పద్నాలుగు మెట్లూ ఆమె చప్పుడు చేసుకుంటూ దిగింది. వీధి మలుపు తిరిగాక మాత్రం ఒక అరుగు మీద కూలబడింది. ఎడమకన్ను మూసి, కుడికన్ను మూసి, మళ్లీ ఎడమకన్ను మూసి ఎదుటిగోడ మీద ఇటుకలు లెక్కపెట్టింది. ఇటుకలన్నీ ఉన్నాయి. మేస్త్రి నోట్లోంచి రాలిన ఒక్క మాట మాత్రం గుండెలో పడి దొర్లుతూనే ఉంది. ఆవగింజంత పూసలతో బతికే మనిషికి కన్ను పోతే ఇంకేం మిగులుతుంది?

బుధవారం ఆస్పత్రిలో చీటీల కిటికీ మూసేస్తున్నారు. "అయిపోయాయమ్మా, రేపు రండి" అన్నాడు లోపలి గుమాస్తా.

"అలాగే నాయనా. ఈ కన్ను ఇక్కడ పెట్టి వెళ్తా. రేపటిదాకా నువ్వు కాపలా కాయి" అంటూ ఆమె తలగుడ్డ తీసింది. గుమాస్తా ఒక్కసారి చూసి, మూయబోయిన కిటికీ తలుపును చేత్తో పట్టుకుని ఆపాడు. చీటీ వచ్చింది.

డాక్టరమ్మ చిన్నపిల్ల, ముప్పై కూడా నిండినట్టు లేదు. పొక్కులను ముట్టుకోకుండా, చూపుతోనే వాటి దారి పట్టి కిందికి వచ్చింది. ముక్కు కొన దగ్గర ఆగింది. అక్కడొక చిన్న పొక్కు, గసగసాల గింజంత.

"ఎప్పుడు లేచాయి?"

"నిన్న పొద్దున. మంట మొన్నట్నుంచి."

"మంచి పని చేశారు. మూడు రోజుల్లోపు మందు మొదలుపెడితేనే బాగా పట్టేది. ఇది అక్కి అమ్మా. చిన్నప్పుడు మీకు ఆటలమ్మ పోసిందా?"

"ఏడేళ్లప్పుడు."

"ఆ వైరస్సే ఇది. అప్పుడు తగ్గింది కానీ ఒంట్లోంచి పోలేదు. నరం మొదట్లో పడుకుంది. ఇప్పుడు లేచింది."

"నలభై అయిదేళ్లు నా ఒంట్లో ఊరికే పడుకుందా? నేనొక్క మధ్యాహ్నం కునుకు తీస్తే మా మేస్త్రి ఊరుకోడు."

డాక్టరమ్మ నవ్వింది, వెంటనే ఆపుకుంది. "ముక్కు కొనకీ కంటికీ ఒకే నరం వెళ్తుంది. అక్కడ పొక్కు లేచిందంటే కంటికీ చేరొచ్చు. కన్ను ఎర్రబడినా, వెలుతురు గుచ్చుకున్నా ఆ రోజే రావాలి. ఈలోపు కంటి డాక్టరుకి చీటీ రాస్తా, రేపే చూపించండి. ఇవి ఎసైక్లోవిర్ బిళ్లలు. రోజుకి అయిదు, ఏడు రోజులు. నీళ్లు బాగా తాగాలి."

"ఈ బిళ్ల దాన్ని చంపుతుందా?"

"చంపదు. పెరగనివ్వదు." డాక్టరమ్మ కలం చేతిలో తిప్పుతూ మాటలు వెతుక్కుంది. "వైరస్సుకి సొంతంగా పెరగడం రాదమ్మా. మన కణంలో దూరుతుంది. మన సరుకుతోనే తన నకళ్లు తయారు చేసుకుంటుంది. ఒకదాని వెనక ఒకటి ముక్కలు గుచ్చుకుంటూ పోతుంది, దండలాగా. బిళ్లలో ఉన్నది అచ్చం అలాంటి ముక్కే, కానీ దొంగది. ముందున్నదానికి అతుక్కుంటుంది. దాని వెనక ఇంకోటి అతుక్కోదు. దండ అక్కడితో ఆగిపోతుంది."

బొంగరమక్క మొహం, ఆ మంటలోనే, దీపం వెలిగినట్టు వెలిగింది. "మొండిపూస" అంది.

డాక్టరమ్మకి అర్థం కాలేదు. బొంగరమక్క బల్ల మీదున్న కాగితాలను పక్కకి జరిపి, ఎడమచేత్తో లేని గిన్నెను తిప్పి, కుడిచేత్తో లేని సూదిని పట్టుకుని చూపించింది. బయట వరుసలో ఉన్నవాళ్లు గుమ్మంలోంచి తొంగిచూశారు. అంతా విని డాక్టరమ్మ, "ఇంతకన్నా బాగా నేను చెప్పలేను" అంది.

"మరి నా ఒంట్లో మంచి దండలు కూడా ఉంటాయిగా. వాటిని ఆపదా?"

"మింగినప్పుడు అది పూస కూడా కాదు, ఉత్త రాయి. దాన్ని సానపట్టి పూసగా మార్చడం మొదలుపెట్టే చెయ్యి ఆ వైరస్ దగ్గరే ఉంది. అందుకే అది ఎక్కడ పని చేస్తుంటే ముఖ్యంగా అక్కడే మందు పని చేస్తుంది."

"తన గొయ్యి తనే తవ్వుకుంటుందన్నమాట. ఏడవనీ."

"ఇంకో మాట. మీ పక్కన కడుపుతో ఉన్నవాళ్లు ఎవరైనా కూర్చుంటారా? వాళ్లకి చిన్నప్పుడు ఆటలమ్మ రాకపోతే ఈ పొక్కుల నీటి వల్ల అంటుకోవచ్చు. ఎండి పెచ్చులు కట్టేదాకా దూరంగా ఉండండి."

మేస్త్రి అన్నదాంట్లో ఒక్క ముక్క నిజమని తేలడం ఆమెకి పొక్కులకన్నా ఎక్కువ మంట పుట్టించింది. అయినా తల ఊపింది. మేస్త్రి వెళ్లమన్నాడని కాదు, ఆ పిల్ల కోసం ఇంట్లో ఉంటున్నానని దారిపొడవునా తనకి తనే చెప్పుకుంది.

ఇంట్లో ఉండేది తనూ చెల్లెలూ. రెండు గదులు, ఒక వరండా. చెల్లెలు ఒక హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. అక్క మాటకి ఎదురు చెప్పడం ఆమెకి చిన్నప్పుడే అలవాటు తప్పింది. బొంగరమక్క రెండు రోజులు గడియారం చూసుకుని బిళ్లలు మింగింది. మూడో రోజుకి మంట సగానికి దిగింది, కొత్త పొక్కు ఒక్కటీ లేవలేదు. కన్ను తేటగా ఉంది. కంటి డాక్టరు చీటీ గోడమేకుకి వేలాడుతూ ఉంది. కంట్లో ఏమీ లేనప్పుడు ఏం చూపిస్తాం అనుకుంది.

అదే రోజు చెల్లెలు ముక్కు కారుతూ, ఒళ్లు కాలిపోతూ పని నుంచి వచ్చింది. "జలుబు, జ్వరం. వైరస్ అంటక్కా, అందరికీ వస్తోంది" అని ముసుగు తన్ని పడుకుంది.

బొంగరమక్క చేతిలోని బిళ్లల అట్ట వంక చూసింది. ఇరవై తొమ్మిదేళ్ల అనుభవం ఆమెతో మాట్లాడింది. గిన్నెని ఆపడానికి ఎన్ని మొండిపూసలు కావాలి? ఒక్కటి. సూది మొనకి ఒక్కటి పడితే, నేను పీకేదాకా ఆ దండ జరగదు. నేను పదకొండు మింగా. ఇంకా మింగడం అంటే ఆగిన గిన్నెని మళ్లీ మళ్లీ ఆపడమే కదా.

"లేవ్వే. ఇది వేసుకో."

"నీ మందు నాకెందుకక్కా?"

"నాదీ వైరస్సే, నీదీ వైరస్సే. నాది ఆగింది. నోరు తెరువు."

చెల్లెలు నోరు తెరిచింది. రెండు రోజుల్లో ఏడు బిళ్లలు మింగింది. జ్వరం తగ్గలేదు సరికదా, తిన్నదంతా కక్కుకుంది.

ఆ మర్నాడు పొద్దున వరండా తలుపు తీసేసరికి ఎండ బొంగరమక్క ఎడమకంట్లో గాజుపెంకులా దిగింది. చేత్తో కన్ను కప్పుకుని గోడ పట్టుకుంది. అద్దంలో కన్ను చింతనిప్పులా ఉంది. కుడికన్ను మూసి ఎదురుగా ఉన్న సీసాని చూసింది. రంగులున్నాయి, పూసలు లేవు. నీళ్లలో కరిగిన రంగుల్లా అంతా ఒకటే ముద్ద.

ఆ రోజు చీటీల కిటికీ దగ్గర ఆమె కంటి మీది చెయ్యి మాత్రం తీసింది. గుమాస్తానే, "లోపలికి వెళ్లమ్మా, వెళ్లు" అన్నాడు.

పదకొండు మింగి ఆపేసిందని విని డాక్టరమ్మ అట్ట తీసుకుని లెక్కపెట్టింది. "మధ్యలో ఎందుకు ఆపారు?"

"నువ్వేగా చెప్పావు" అంది బొంగరమక్క. భయం వేసినప్పుడు ఆమె గొంతు ఇంకా పెరుగుతుంది. "దండ ఆగిపోతుందన్నావు. మొండిపూస ఒక్కటి చాలు ఆపడానికి. నాకు తెలీదా? నువ్వు పుట్టకముందునుంచీ ఆ పనిలో ఉన్నా."

"ఒక్కటి చాలని నేనెప్పుడన్నాను?"

"ఒకటికి మించి కావాలని మాత్రం అన్నావా?"

"రోజుకి అయిదు, ఏడు రోజులన్నాను. అది మాట కాదా?" డాక్టరమ్మ గొంతు కూడా పెరిగింది. అంతలోనే ఆమె నుదురు రుద్దుకుని, స్టూలు ముందుకి లాక్కుని కూర్చుంది. "సరే. మీ గిన్నెలో ఎన్ని సూదులుంటాయి?"

"ఒకటే."

"ఇక్కడ లక్షలు. వైరస్ దూరిన ప్రతి కణం ఒక గిన్నె. ఒకటి ఆగితే పక్కది తిరుగుతూ ఉంటుంది. గంట గంటకీ కొత్తది మొదలవుతుంది. పైగా మీరు మింగిన పూసలు లోపల ఉండిపోవు. కొన్ని గంటల్లో ఒంట్లోంచి వెళ్లిపోతాయి. అందుకే అయిదుసార్లు. మీరు ఆపింది మందుని. వైరస్సుకి మంచి పూసలు మళ్లీ పోసినట్టయింది."

బొంగరమక్క కంటినుంచి నీళ్లు కారుతున్నాయి, ఏడుపు కాదు, వెలుతురు గుచ్చుకుని. చెంప తుడుచుకుని, "ఒక్క సూదే అనుకున్నా" అంది.

"అట్టలో ఇంకో ఏడు తక్కువున్నాయి. అవేమయ్యాయి?"

"మా చెల్లికి ఇచ్చా. జలుబు, జ్వరం."

డాక్టరమ్మ కళ్లు మూసుకుని తెరిచింది. "ఆమెది వేరే వైరస్. దాని సూదికి ఈ పూస ఎక్కనే ఎక్కదు. మామూలు జలుబుకైతే అసలు ఇలాంటి మందే లేదు, దానంతట అదే పోవాలి. ఫ్లూ జ్వరానికి వేరే బిళ్ల ఉంది. అది దండ జోలికి పోదు. తయారైన వైరస్ ఒక కణాన్ని వదిలి ఇంకోదాంట్లోకి పోకుండా గుమ్మంలోనే పట్టి ఉంచుతుంది. అది కూడా తొందరగా వేసుకుంటేనే. ఆమెని రేపు తీసుకురండి. ఎవరి మందు వాళ్లకే అమ్మా."

"నా కన్ను పోయిందా?"

"తెలీదు. ఆపకపోయినా కంటికి వచ్చేదేమో, అదీ చెప్పలేను. ఇప్పుడే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. చుక్కలు ఇస్తారు. బిళ్లలు మళ్లీ మొదలు."

బొంగరమక్క లేచింది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "నువ్వు చెప్పడంలో తప్పేం లేదు తల్లీ. నేను విన్నదే సగం. కానీ వచ్చేవాళ్లకి ఆ సూదుల లెక్క కూడా చెప్పు. నాలాంటివాళ్లు చాలామంది ఉంటారు."

ఆ సాయంత్రం ఆమె సీసా మూత తీసింది. రోజుకి అయిదు చొప్పున మొండిపూసలు ఏరి వరండా గట్టు మీద వరసగా పేర్చింది. బిళ్ల మింగిన ప్రతిసారీ ఒక పూస తీసి ఖాళీ రేకు డబ్బాలో వేసేది. టంగుమనేది. ఇంటిపక్కవాళ్లకి ఆ చప్పుడు అలవాటైపోయింది. ఒకసారి మధ్యాహ్నం మోగకపోతే గోడ అవతలినుంచి, "అక్కా, టంగు ఏది?" అని అరిచారు. "నమలనివ్వండే, అన్నం తింటున్నా" అని ఈమె అరిచింది.

కంట్లో చుక్కలు వేసేది చెల్లెలు. ఆమె జ్వరం నాలుగు రోజులకి దానంతట అదే దిగింది. జన్మలో మొదటిసారి అక్క తల తన ఒళ్లో ఉంది. "కదలకు. ఈసారి నువ్వు నోర్మూసుకో, కన్ను తెరువు" అంది. అక్క తెరిచింది. పగలంతా పరదాలు వేసిన గదిలో బొంగరమక్క ఎడమకన్నుతో సీసానే చూస్తూ పడుకునేది. మొదట ముద్ద. తర్వాత ముద్దలో చుక్కలు. ఒక వారానికి చుక్కల్లోంచి ఒక ఎర్రపూస విడివడి వచ్చింది, పొగమంచులోంచి ఎవరో తెలిసిన మనిషి నడిచొచ్చినట్టు. ఆమె ఎవరికీ చెప్పలేదు. లేచి కూర్చుని దాన్నే చూసింది.

పెచ్చులు రాలాక, కంటి డాక్టరు సరేనన్నాక, గిన్నె చంకనెత్తుకుని పద్నాలుగు మెట్లు ఎక్కింది. ఆమె చోటులో కడుపుతో ఉన్న పిల్ల గిన్నె ఉంది. ఆ పిల్ల లేవబోతే, "నువ్వు కూర్చోవే, నీకు వెలుతురు ఇద్దరికి కావాలి" అంది. మేస్త్రి లేచి నిలబడ్డాడు.

"కన్ను ఎలా ఉందక్కా?"

"సగం బాగుంది. నల్లగుడ్డు మీద చిన్న మరక మిగిలింది. పొగలోంచి చూసినట్టుంటుంది, ఇక ఇంతే అన్నారు."

"మరి పనెలా చేస్తావు?"

"వెలుతురు ఎక్కువ కావాలి. అందుకని ఇక్కడ కూర్చుంటా." ఆమె మేస్త్రి బల్ల మీది టీ గ్లాసు తీసి కిటికీలో పెట్టింది, క్యాలెండరు చుట్ట చుట్టి అతని చేతికిచ్చింది.

"అది నా బల్ల!"

"బల్ల నీదే. అటు జరుపుకో. టీ చీకట్లో కూడా నోట్లోకే పోతుంది మేస్త్రీ."

ఏడుగురు ఆడవాళ్లూ ఒకేసారి లేచి బల్లకి చెయ్యి వేశారు. అతను ఏదో అనబోయాడు, బల్ల అప్పటికే జరుగుతోంది.

మొదటి గంటలో ఆమె రెండు మొండిపూసలు తప్పిపోనిచ్చింది. పూర్వం చూడకుండానే పట్టేది. దండ ఆగాక, వేలితో తడిమి కనిపెట్టి పీకింది. మేస్త్రి చూస్తున్నాడని తెలుసు. దాచలేదు. రెండింటినీ ఎత్తి చూపించి సీసాలో వేసింది. కింద వీధిలో ఎవరో కొత్తవాళ్లు తలెత్తి ఆకాశం వంక చూశారు.

ఇప్పుడు ఆమె పూర్వంలా రోజుకి రెండు గిన్నెల పూసలు గుచ్చదు, ఒక గిన్నెడే గుచ్చుతుంది. నుదుటి మీద ఎడమవైపు మచ్చలున్నాయి, తలగుడ్డ కప్పుకోదు. అప్పుడప్పుడు పాపిట్లో చుర్రుమంటుంది, కాసేపు సూది ఆపి మళ్లీ ముంచుతుంది. లోపలున్నది పోలేదని, మళ్లీ నరం మొదట్లో పడుకుందని, ఏ మందూ దాన్ని అక్కడినుంచి లేపి బయటికి పంపలేదని ఆమెకి తెలుసు. గదిలో ఎవరికి నుదుటి మీదో నడుము మీదో ఒకవైపే మంట పుట్టినా చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి లాక్కుపోతుంది. మధ్యలో మందు మానేస్తామన్నవాళ్ల ముందు రేకు డబ్బా పెడుతుంది.

ఇదంతా ఆమెతో చెప్పించుకుని, రాసుకుని నేను లేచేసరికి ఎండ పెద్ద కిటికీలోంచి ఆమె గిన్నెలోకి వాలింది. ఆమె ఎడమకన్ను కొంచెం చికిలించింది, చెయ్యి మాత్రం ఆపలేదు.

"పాపం అని రాయకు. కన్ను పోగొట్టుకోబోయిన ఆడమనిషి అని కూడా రాయకు. అది సూది పట్టుకుని నా ఒంట్లో కూర్చుంది, దాని మొనకి నేను పూస తొడిగా అని రాయి. మళ్లీ లేస్తే మళ్లీ తొడుగుతా, ఈసారి లెక్క తప్పను. ఇక వెళ్లు. తొమ్మిదో మెట్టు ఊగుతుంది, చూసుకుని దిగు. రెండు కళ్లూ బాగున్నవాళ్లే దాని మీద జారుతున్నారు."